కోపం వెనుక భయం

మా అమ్మాయి అనుమతి తీసికొని ఈ ప్రసంగం చేస్తున్నాను. ఆమె పేరు చెప్పను. చదివిన కళాశాల, చేస్తున్న ఉద్యోగం చెప్పను. నెల్లిమర్లలో మమ్మల్ని ఎరిగినవారికి ఎలాగూ తెలుస్తుంది, ఎరుగనివారికి తెలియనక్కరలేదు. నేను వైద్యుడను కాను. ముప్పయి మూడు సంవత్సరాలు బడిపంతులుగా పనిచేసి విశ్రమించినవాడను. అంటే, ఎదుటివారు చెప్పేది వినడం కంటె ఎదుటివారికి చెప్పడం బాగా అలవాటైనవాడను. ఆ అలవాటు మా ఇంటిలో ఎంత చెరుపు చేసినదో శ్రోతలకు విన్నవించడమే ఈనాటి నా పని.

వ్యాధి పేరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. తెలుగులో కొందరు దీనిని సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత అని వ్రాస్తున్నారు. వైద్యురాలి నోట మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు పొలం గట్టున పాతిన సరిహద్దు రాయి జ్ఞాపకం వచ్చినదే తప్ప మరేమీ బోధపడలేదు. తరువాత తెలిసికొన్నాను. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే న్యూయార్కు మనోవిశ్లేషకుడు, తన వద్దకు వచ్చేవారిలో కొందరు ఇటు సామాన్యమైన మనోవ్యాకులత కలవారూ కారు, అటు మతి చలించినవారూ కారు, రెండింటి నడుమ గట్టు మీద ఉన్నారని భావించి ఆ పేరు వాడినాడు. నేటి వైద్యులు అలాగ తలచడం లేదు. ఇది సగం పిచ్చి కాదు, పిచ్చికి తొలిమెట్టు కాదు. భావోద్వేగాలను అదుపులో ఉంచుకొనే శక్తి దెబ్బ తినడం, తనవారు తనను విడిచిపోతారన్న భయం, తానెవరో తనకే నిలకడగా తెలియకపోవడం – ఇవి దీనికి మూలాలు. అయినా 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో ఆ పాత పేరునే చేర్చింది, అది అలాగే నిలిచిపోయింది. పేరు పెట్టినవారు దానిని మోయరు గదా!

మా అమ్మాయి పసితనం నుండి పలుచని మనసు కలది. అన్న అన్నాన్ని ఒక్క ముద్ద ఎక్కువ కలిపి పెట్టినదని వాళ్ళమ్మ మీద అలిగితే, ఆ అలక సాయంత్రం దాకా తీరేది కాదు. ఎనిమిదేళ్ళ వయసులో ఒకసారి పక్కింటి పిల్లలు తనను విడిచి రామతీర్థం జాతరకు వెళ్ళినారని తెలిసి, రెండు దినాలు జ్వరం తెచ్చుకొన్నది. మేము నవ్వినాము. "ఇంత చిన్న విషయానికి అంత ఏడుపు దేనికే?" అన్నాను నేను. ఈ వాక్యాన్ని శ్రోతలు గుర్తుంచుకోవలెను. తరువాతి పన్నెండేళ్ళలో ఎన్ని వందల మారులు దీనిని పలికినానో లెక్క లేదు.

ఇంటర్మీడియెట్ చదివే రోజులకు ఆ అలక వేరు రూపం పొందింది. ఉదయం "నాన్నా, నీవంటి నాన్న ఎవరికీ ఉండడు" అని మెడ చుట్టుకొనే పిల్ల, సాయంత్రం నేను పావుగంట ఆలస్యంగా ఇల్లు చేరితే "నీకు నేనెప్పుడూ అక్కరలేదు. నన్ను కన్నందుకు బాధపడుతున్నావు, నాకు తెలుసు" అని తలుపు వేసుకొనేది. స్నేహితురాళ్ళు నెలకొకరు మారేవారు. మొదటి వారం ఆ పిల్ల దేవత; నాలుగవ వారం మోసగత్తె. దేవతకూ మోసగత్తెకూ నడుమ సామాన్యమైన మనిషి ఒకతె ఉంటుందన్న సంగతి మా అమ్మాయికి అప్పుడు కనపడేది కాదు. ఒక నాడు ఇంజనీరు కావలెనని, మరునాడు సంగీతం నేర్వవలెనని, ఆ మరునాడు అసలు తాను దేనికీ పనికిరానని అనేది. "లోపల ఏమీ లేదు నాన్నా, డొల్లగా ఉన్నది" అని ఒకసారి అన్నది. ఆ మాటకు నేను చెప్పిన జవాబు – "పుస్తకం తీసి చదువుకో, అన్నీ సర్దుకొంటవి."

డిగ్రీ రోజులలో విశాఖపట్నం నుండి సెలవులకు వచ్చి, మే నెల ఎండలలో కూడ ముంజేతుల దాకా వచ్చే పొడుగు చేతుల బట్టలు వేసికొని తిరిగేది. ఉత్తరాంధ్ర వేసవి ఉక్క ఎలాంటిదో శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. మా ఇంటావిడ గమనించింది, నేను గమనించలేదు. ఒకనాడు నిద్రలో ఉండగా చేయి జరిగినది. ముంజేతి మీద గీతలు. కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. మా ఇంటావిడ వంటింటిలోకి వచ్చి నేల మీద కూలబడింది. నోట మాట రాలేదు.

మా అమ్మ అప్పటికి బ్రతికి ఉన్నది. "గుంటకి గాలి సోకిందిరా బాబూ, తాడు కట్టించు" అన్నది. కట్టించినాము. చుట్టాలు మరొక మందు చెప్పినారు: "పెళ్ళి చేసియ్యండి మాస్టారూ, అదే సర్దుకుంటాది." నన్ను నేను విద్యావంతుడనని తలచుకొంటాను గాని, తాడు కట్టించిన చేతితోనే జాతకాలు కూడ పట్టుకొని తిరిగినాను. ఒక సంబంధం మాటల దాకా వచ్చి, వారి కారణాల వల్ల తప్పిపోయింది. ఆ తప్పిపోవడం మా అమ్మాయికి పట్టిన అదృష్టమని ఈనాడు అంటున్నాను. విడిచిపోతారన్న భయమే ప్రాణం తీస్తున్న పిల్లను, ముక్కు మొగం ఎరుగని ఇంటికి పంపి, అక్కడ సర్దుకొమ్మనడం కంటె క్రూరమైన వైద్యం వేరొకటి లేదు. ఈ ఒక్క విషయంలో నా మాట కటువుగా ఉంటే శ్రోతలు క్షమించవలెను.

2016 వేసవిలో ఒక రాత్రి జరిగిన సంగతి చెప్పవలసి ఉన్నది. తోటి ఉపాధ్యాయుని పదవీవిరమణ సభకు విజయనగరం వెళ్ళినాను. ఫోనులో చార్జింగు అయిపోయింది. మా ఇంటావిడ అక్కగారి ఇంటికి వెళ్ళి ఉన్నది. అమ్మాయి ఒక్కతే ఇంటిలో ఉండి నాకు పదిహేడు సార్లు ఫోను చేసినది. రాత్రి పది దాటిన తరువాత నేను ఇల్లు చేరితే, వీథి గుమ్మంలోనే నిలబడి ఉన్నది. "ఎక్కడకు పోయినావు? చచ్చిపోయినావనుకొన్నాను. నన్ను వదిలి పోవాలనుంటే చెప్పి పో" అని కేకలు. ఇరుగుపొరుగు దీపాలు వెలిగినవి. నాకు సిగ్గు వేసింది. సిగ్గులోంచి కోపం వచ్చింది. చార్జింగు అయిపోయినదని, సభ ఆలస్యమైనదని, ఇరవై యేళ్ళు వచ్చిన పిల్ల ఇలాగ అరవడం తప్పని, వరుసగా, పాఠం చెప్పినట్లు చెప్పినాను. నా మాటలలో ఒక్కటి కూడ అబద్ధం లేదు. చివరకు, "ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాను.

ఆమె మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది. ఆ తరువాత చేసికొన్న పనిని వివరించను. ఒక ఆస్పత్రికి తీసికొనిపోయినాము. తెల్లవారేసరికి గండం గడిచింది. అక్కడ పనిచేసే ఒకరు, ఆమె వినేటట్లుగానే, "వీళ్ళవి అన్నీ నాటకాలు" అన్నారు. నేను కూడ లోలోపల ఆ మాటే అనుకొన్నవాడను గనుక వారిని తప్పు పట్టలేకపోయినాను.

ఆ నెలలోనే ఒక మనోవైద్యురాలి వద్దకు వెళ్ళినాము. ఆవిడ అమ్మాయితో మూడు మారులు విడిగా మాట్లాడి, తరువాత మమ్మల్ని కూర్చోబెట్టి వ్యాధి పేరు చెప్పినది. అమెరికా వారి పట్టికలో దీనికి తొమ్మిది లక్షణాలు ఉన్నవని, వానిలో అయిదు దీర్ఘకాలంగా కనపడితే ఈ నిర్ణయానికి వస్తారని, రక్తపరీక్షలో గాని తల ఫోటోలో గాని ఇది తెలియదని చెప్పినది. నేను అడిగిన మొదటి ప్రశ్న, "మా పెంపకంలో తప్పా?" అని. దానికి ఆవిడ చెప్పిన జవాబు నన్ను నిర్దోషిగా విడిచిపెట్టలేదు, దోషిగా నిలబెట్టనూ లేదు. కొందరు పుట్టుకతోనే తొందరగా, తీవ్రంగా చలించే మనసుతో వస్తారు. కవలపిల్లలను పరిశీలించిన పరిశోధకులు ఈ వ్యాధి ప్రవృత్తిలో దాదాపు సగం పాలు వంశానుగతమని తేల్చినారు. పసితనంలో హింసకు, అత్యాచారానికి గురి అయినవారిలో ఇది ఎక్కువే గాని, అలాంటిదేమీ లేని ఇళ్ళలో కూడ వస్తున్నది. అలాంటి మనసు గల బిడ్డకు, నీకు కలిగిన బాధ బాధే కాదని నిత్యం చెప్పే ఇల్లు దొరికితే, ఆ బిడ్డ తన లోపలి వేడిని తాను కొలుచుకోవడం నేర్చుకోలేదు. బాధ ఎంత ఉన్నదో లోకానికి తెలియడానికి కేకైనా పెట్టవలెను, చేయి అయినా కోసుకోవలెను.

ఇది స్త్రీల వ్యాధి అనుకొనేవారున్నారు. ఆస్పత్రులకు వచ్చేవారిలో స్త్రీలు ఎక్కువన్నది నిజమే. కాని అమెరికాలో సామాన్య జనంలో జరిపిన పెద్ద పరిశీలన ఒకదానిలో స్త్రీపురుషుల నడుమ భేదం కనపడలేదు. అలాంటి మగపిల్లవాడిని మనం పొగరుబోతు అనో తాగుబోతు అనో పిలిచి, వైద్యునికి చూపకుండా ఊరుకొంటామని నా అనుమానం.

ఇక్కడ ఒక మహాతల్లి కథ చెప్పవలెను. మార్షా లినెహాన్ అనే ఆవిడ 1943లో అమెరికాలోని టల్సా నగరంలో పుట్టినది. 1961లో, పదిహేడేళ్ళ వయసులో, హార్ట్‌ఫర్డ్ నగరంలోని ఒక మానసిక చికిత్సాలయంలో చేరి రెండేళ్ళకు పైగా అక్కడ ఉన్నది. తనను తాను గాయపరుచుకొంటున్నదని చాలకాలం ఏకాంతపు గదిలో ఉంచినారు. అక్కడినుండి బయటపడి, చదువుకొని, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలై, ఎవరూ చేపట్టడానికి ఇష్టపడని రోగులనే ఏరి చేపట్టి, డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సా విధానాన్ని తయారు చేసినది. 1991లో దాని మొదటి పరీక్షా ఫలితాలు ప్రకటితమైనవి. తమను తాము గాయపరుచుకొనడం ఆ చికిత్స పొందినవారిలో తగ్గినది. ఇంత చేసి, తాను కూడ ఒకప్పుడు ఆ గదిలోని రోగినే అన్న మాటను 2011 దాకా బయట పెట్టలేదు. ఆ సంవత్సరం జూన్‌లో, తనను ఉంచిన ఆ హార్ట్‌ఫర్డ్ చికిత్సాలయంలోనే సభలో నిలబడి చెప్పినది. అప్పటికి ఆవిడకు 68 ఏళ్ళు. అంత పేరు గడించిన మనిషికే అంతకాలం పట్టినదంటే, మన వీథిలోని పిల్ల నోరు విప్పలేదని ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ వ్యాధి గలవారి మనసును లినెహాన్ ఒళ్ళంతా కాలినవారి చర్మంతో పోల్చినది. మెల్లగా తాకినా భరింపరాని నొప్పి. ఆ పోలిక విన్న తరువాతనే పదిహేడు ఫోనుల రాత్రి నాకు అర్థమైనది. నా దృష్టిలో జరిగినది చార్జింగు అయిపోవడం. ఆమె దృష్టిలో తండ్రి పదిహేడు సార్లు చచ్చిపోయినాడు. గుమ్మంలో నిలబడి కేకలు వేసినది కోపంతో కాదు, భయంతో. భయపడిన మనిషికి నేను క్రమశిక్షణ బోధించినాను.

వైద్యురాలు మాకు నేర్పినది ఒక్క విషయం; దానిని నేర్వడానికి నాకు రెండేళ్ళు పట్టినది. ఎదుటి మనిషి చెప్పే మాట నిజమని ఒప్పుకొనడం వేరు, ఆ మనిషి పడే బాధ నిజమని గుర్తించడం వేరు. "నీవు నన్ను ఎప్పుడూ ప్రేమించలేదు" అన్నది మా అమ్మాయి. ఈ మాట నిజం కాదు. ఇరవై యేళ్ళ సాక్ష్యం నా చేతిలో ఉన్నది. పాలడబ్బా మొదలు పరీక్ష ఫీజు దాకా అప్పగించగలను. కాని ఆ సాక్ష్యం విప్పిన క్షణం నేను న్యాయవాదిని అవుతాను, ఆమె ముద్దాయి అవుతుంది. ఆ మాట వెనుక ఉన్న బాధ మాత్రం నిజం. దానికే జవాబు చెప్పవలెను. "నేను నిన్ను పట్టించుకోలేదని నీకు అనిపించింది. అన్నిసార్లు చేసినా పలకకపోతే ఎవరికైనా ప్రాణం పోయినట్లుంటుందమ్మా. చాలా భయపడి ఉంటావు." ఇంతే. దీనిలో నేను చేయని తప్పును ఒప్పుకొనలేదు. చార్జింగు సంగతి దాచనూ లేదు, అది తరువాత చెప్పవచ్చును. మొదట మంట చల్లారవలెను. మంట మీద నిలబడినవాడికి లెక్కలు వినపడవు.

ఈ వాక్యాలు చదువుతుంటే సులభంగా ఉన్నవి. నోట పలకడం సులభం కాదు. మొదట మొదట నేను వాటిని అప్పజెప్పినట్లు పలికేవాడిని. మా అమ్మాయి, "డాక్టరమ్మ మాట నాకు చెప్పకు, నీ మాట చెప్పు" అని కసిరేది. ఆ కసురు న్యాయమైనదే. మనసులో "నాటకం" అని తలుస్తూ నోట "బాధ" అంటే, చర్మం లేని మనిషికి అది వెంటనే తగులుతుంది. గొంతు తగ్గించి, కూర్చొని, తెలియనప్పుడు "నాకు తెలియడం లేదు, చెప్పు" అని అడగడంతో కొంత నయమైనది. పంతులుకు "నాకు తెలియదు" అనడం కంటె కష్టమైన మాట ఏముంటుంది?

రెండవ తప్పు కూడ చేసినాము, దానిని దాచను. బాధను గుర్తించడం అంటే అడిగినదల్లా చేయడమనుకొన్నాము. అర్ధరాత్రి ఫోను వస్తే తెల్లవారే దాకా వినడం, ఆమె ఒక వారంలో ఖర్చు పెట్టిన డబ్బుకు మారుమాట లేకుండా అప్పు తీర్చడం, ఆమె నొచ్చుకొంటుందని మా ఇంటావిడ తన అక్కగారి గడప ఎనిమిది నెలలు తొక్కకపోవడం. ఇంటిలో అందరం నిప్పుల మీద నడిచినట్లు నడిచేవాళ్ళం. మా అబ్బాయి ఆ సంవత్సరం ఉద్యోగం మారినాడట. ఆ సంగతి నాకు నాలుగు నెలల తరువాత తెలిసినది. వాడు ఇప్పటికీ ఆ మాట ఎత్తడు. ఇలాంటి ఇళ్ళలో నెమ్మదిగా ఉండే బిడ్డకు జరిగే అన్యాయం గురించి వేరే ప్రసంగం చేయవలెను.

ఇలాగ మేము కరిగిపోవడం చూసి వైద్యురాలు మందలించినది. మేము అలిసిపోయి ఒకనాడు తటాలున చేయి విడిచిపెడితే, ఏ భయంతో ఆ పిల్ల కుమిలిపోతున్నదో ఆ భయాన్నే మేము నిజం చేసినవాళ్ళమవుతాము. ఇవ్వగలిగినంతే ఇవ్వండి, ఇచ్చినది తప్పకండి, అన్నది. ఆ ప్రకారం ప్రతి రాత్రి తొమ్మిది గంటలకు ఫోను చేస్తానని మాట ఇచ్చినాను. పావుగంట. పెళ్ళిలో ఉన్నా, రైలులో ఉన్నా, కోపంలో ఉన్నా తొమ్మిదింటికి ఫోను చేసేవాడిని. పది దాటిన తరువాత, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప, మాట్లాడను. తిట్లు మొదలైతే, "నీ మాట వినవలెనని ఉన్నది, తిట్లు వినలేను, అరగంటలో నేనే చేస్తాను" అని పెట్టివేసి, సరిగ్గా అరగంటకు చేసేవాడిని. ఆ అరగంటకు చేయడం ముఖ్యం. చేయకపోతే మొదటిది కేవలం పెట్టివేయడమే అవుతుంది.

మా ఊరివారికి ఒక పోలికతో చెబితే బాగా తెలుస్తుంది. జూట్ మిల్లు నడిచిన రోజులలో దాని కూతే మాకు గడియారం. ఆ కూతకు అన్నాలు, ఆ కూతకు నిద్రలు. మిల్లు మూతపడిన రోజులలో, ఇంట బియ్యం ఉన్న మనిషి కూడ అరుగు మీద కూర్చొని ఏమి చేయవలెనో తోచక వీథి వంక చూసేవాడు. కూత వినపడదు, పొద్దు జరగదు. మా అమ్మాయి మనసులో ఎన్నో ఏళ్ళు ఆ కూత లేదు. తొమ్మిది గంటల ఫోను దానికి బదులు.

చావు మాట వచ్చినప్పుడు ఏమి చేయవలెనో విడిగా చెబుతాను. చాలమంది అది బెదిరింపు అనుకొంటారు, లేదా ఆ మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినవారమవుతామని భయపడి ప్రక్కకు తప్పిస్తారు. రెండూ పొరపాటే. "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని తిన్నగా, నెమ్మదిగా అడగవలెను. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. దాచుకొన్నవారికి కొంత బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా విడువరాదు, ప్రమాదకరమైన వస్తువులు, మందులు చేతికి అందకుండా తీసివేయవలెను, వెంటనే వైద్యునికి చూపవలెను. ఈ వ్యాధి గలవారిలో ప్రాణం తీసికొనేవారి పాలు తక్కువేమీ కాదు గనుక, ఇది పదవసారి అయినా మొదటిసారి వలెనే తలచవలెను. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే సేవ ఉన్నది. 14416 అన్న సంఖ్యకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును, రుసుము లేదు.

పోలీసు కేసు అవుతుందని వెరచి బిడ్డను ఆస్పత్రికి తీసికొనిపోని ఇళ్ళు నేను ఎరుగుదును. 2016లో ఆ భయం మాకు కూడ ఉండినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. దాని 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించవలెను, శిక్షించరాదు, ప్రభుత్వం సంరక్షణ కల్పించవలెను. 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నేరమే లేదు. కాబట్టి ఆ రాత్రి వృథా చేయవద్దు.

చికిత్స విషయంలో మనవారికి మాత్ర మీద నమ్మకం ఎక్కువ. ఈ వ్యాధికే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. బ్రిటిష్ ప్రభుత్వం వారి వైద్యప్రమాణాల సంస్థ 2009లోనే, కేవలం ఈ వ్యాధి కోసమని మందులు వాడవద్దని సలహా ఇచ్చినది. వెంట ఉండే దిగులు మొదలైనవానికి వైద్యులు మందులు ఇస్తారు. మా అమ్మాయికీ ఇచ్చినారు. అసలు చికిత్స మాటలతో, అభ్యాసంతో జరిగేది. లినెహాన్ పద్ధతిలో నాలుగు విద్యలు నేర్పుతారు: ఉన్న క్షణాన్ని ఎరుకతో గమనించడం, భరింపరాని గడియను మరింత చెడగొట్టుకోకుండా దాటడం, ఉద్వేగాన్ని పేరు పెట్టి గుర్తించి మళ్ళించడం, అడగవలసినది అడగడం, వద్దనవలసినది వద్దనడం. భరింపరాని గడియలో ముఖం చన్నీటిలో ముంచమని కూడ నేర్పినారు. నేను మొదట నవ్వుకొన్నాను. మా స్నానాల గదిలో ఆ గిన్నె ఇంకా ఉన్నది.

ఆ పద్ధతిలో ప్రత్యేక శిక్షణ పొందినవారు పెద్ద నగరాలలోనే అరుదు, మనబోటి ఊళ్ళకు ఏది గతి, అని శ్రోతలు అడగవచ్చును. 2009లో కెనడాలోని టొరంటోలో 180 మంది రోగులతో ఒక పరీక్ష జరిగింది. సగం మందికి లినెహాన్ చికిత్స, సగం మందికి ఈ వ్యాధిని ఎరిగిన మనోవైద్యులు క్రమం తప్పకుండా చేసే మామూలు చికిత్స. సంవత్సరం చివర ఇరువురికీ చాలవరకు మేలు కలిగింది, చెప్పుకోదగిన తేడా కనపడలేదు. నేను దీనిని ఇలా అర్థం చేసికొన్నాను: గొప్ప పేరు గల పద్ధతి దొరకలేదని కూర్చొనవద్దు, రోగిని చీదరించుకోకుండా, వారం వారం నిలకడగా చూసే వైద్యుడు ఒకరు దొరికితే పట్టుకోవలెను. మా నెల్లిమర్లలోనే మహారాజా వైద్యకళాశాల ఉన్నది. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నది. చినవాల్తేరు పేరు చెబితే మన ప్రాంతంలో నేటికీ నవ్వుతారు, దానిని తిట్టుగా వాడుతారు. నేను కూడ తరగతిలో, అల్లరి చేసే పిల్లలను ఉద్దేశించి, వాడినవాడినే.

ఇక నయమవుతుందా? అమెరికాలో బోస్టన్ దగ్గరి మెక్లీన్ ఆస్పత్రిలో మేరీ జనరీనీ అనే పరిశోధకురాలు ఈ వ్యాధితో చేరిన 290 మందిని ఏళ్ళ తరబడి వెంబడించి చూసినది. పదేళ్ళు గడిచేసరికి 93 శాతం మందిలో కనీసం రెండు సంవత్సరాల పాటు వ్యాధి లక్షణాలు నిర్ణయానికి చాలనంతగా తగ్గిపోయినవి. ఇది విని నేను పొంగిపోయినాను. మిగతా సగం కూడ చెప్పకపోతే అబద్ధమవుతుంది: లక్షణాలు తగ్గడమే గాక, పని, స్నేహం నిలబెట్టుకొని పూర్తిగా కోలుకొన్నవారు అప్పటికి సగం మందే. గాయపరుచుకోవడం వంటివి ముందు పోతాయి, డొల్లతనం, విడిచిపోతారన్న భయం చాలకాలం నిలుస్తాయి. మా ఇంటిలోనూ అలాగే జరిగింది. ముంజేతి మీద కొత్త గీత చూసి ఆరేళ్ళు దాటినది. కాని ఫోను రెండుసార్లు మోగి పలకకపోతే ఆమె గుండె ఇప్పటికీ జారుతుంది.

మా అమ్మాయి ఇప్పుడు వేరే ఊరిలో ఉద్యోగం చేస్తున్నది. తొమ్మిది గంటల ఫోను నడుస్తున్నది. క్రిందటి నెలలో ఒక రాత్రి నేను ఏదో అన్నాను. ఏమన్నానో నాకు జ్ఞాపకం లేదు, ఆమెకు ఉన్నది. గొంతు మారింది. తిట్టు వస్తుందని కాచుకొన్నాను. "నాన్నా, నాకు ఇప్పుడు చాలా కోపంగా ఉన్నది. అరగంటలో నేనే చేస్తాను" అని పెట్టివేసినది. గోడ గడియారం ముందు కూర్చొన్నాను. నా గుండె పదిహేడు సార్లు కాదు, ఎన్ని సార్లు కొట్టుకొన్నదో. ముప్పయి రెండు నిమిషాలకు చేసినది. చంపావతిలో నీరు వచ్చినదా అని అడిగినది. వచ్చినదని చెప్పినాను.

ఈ ప్రసంగం వ్రాసి ఆమెకు పంపితే, చదివి, మూడు చోట్ల ఎర్ర సిరాతో గీత పెట్టి తిప్పి పంపినది. రెండు చోట్ల ఆమె చెప్పినట్లు తీసివేసినాను. మూడవది పదిహేడు ఫోనుల సంగతి, దాని ప్రక్కన, "పంతొమ్మిది, నాన్నా. కాని ఉండనీ" అని వ్రాసి ఉన్నది.